చిన్నమ్మ చీటీ పట్టుకుని

ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. అందుకే పెళ్లి పనులన్నీ ఆషాఢంలోనే పెట్టుకుంటారు. మా చిన్నమ్మ కూతురి పెళ్లి శ్రావణంలో. నేను బెంగళూరు నుంచి సెలవు పెట్టి ఉప్పల్ చేరేసరికి ఫ్రిజ్ తలుపు మీద చీటీ అతికించి ఉంది: లక్క గాజులు, పెట్టుబడి చీరలు, ఇత్తడి హారతి పళ్లేలు, బోనం కుండ, కాలనీ వినాయకుడికి అడ్వాన్సు.

"ఇవన్నీ సిటీలోనే ఒక రోజులో కొనేయొచ్చు కదా చిన్నమ్మా" అన్నాను.

"షోరూముల బేరమాడితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తరు. చేసేటోళ్ల దగ్గరికే పోదాం" అంది.

చిన్నమ్మది జనగామ వైపు ఊరు. టీచరుగా రిటైరైంది కానీ అటెండెన్స్ తీసుకునే అలవాటు పోలేదు. తమ్ముడి కారు, తమ్ముడి పెట్రోలు, ఆవిడ ప్లాను.

చేతివృత్తుల మీద ఏది చదివినా చేసేవాళ్ల గురించే ఉంటుంది. ఎన్ని తరాల పని, ఎంత ఓపిక, ఎంత తక్కువ కూలి. కొనేవాళ్లు ఎవరు, ఎందుకు కొంటారు, మళ్లీ ఎప్పుడొస్తారు అన్నది ఎక్కడో చివర ఒక ముక్కలో తేలిపోతుంది. చేతిలో చీటీ ఉన్న మనిషి వెనక తిరిగితే ఆ సంగతి కాస్త తెలుస్తుందని నాకు ఆశ.

గురువారం: లాడ్ బజార్

చార్మినార్‌కు పడమటి వైపు వెళ్లే వీధి ఇది. పొద్దున పదకొండు దాటితే గానీ షట్టర్లు పూర్తిగా లేవవు. మేం తొందరపడి పదింటికే వెళ్లి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. రెండు చాయ్‌లు, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు అయ్యాక వీధి తెరుచుకుంది.

ఇక్కడ కనిపించే గాజులన్నీ ఇక్కడివి కావు. మట్టి గాజులు ఎక్కువగా ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్ నుంచి వస్తాయి. హైదరాబాద్ సొంత సరుకు లక్క గాజు. లక్కలో తెల్ల పొడి, రంగు కలిపి ముద్ద చేస్తారు. ఆ ముద్దను బొగ్గుల కుంపటి సెగకు తిప్పుతూ సన్నగా సాగదీస్తారు. దాన్ని గుండ్రంగా చుట్టి కొసలు అతికిస్తే గాజు. అది ఇంకా వేడిగా, మెత్తగా ఉండగానే రాళ్లు, అద్దం ముక్కలు, పూసలు పట్టకారుతో ఒక్కొక్కటే నొక్కి కూర్చాలి. చల్లారితే రాయి దిగదు. మళ్లీ సెగ చూపించాలి.

ఈ మళ్లీ సెగ చూపించడంలోనే ఉంది లక్క గాజు గొప్పతనం. చిన్నమ్మ సంచిలోంచి పెళ్లి చీర కొంగు తీసి బల్ల మీద పరిచింది. కుంపటి ముందు కూర్చున్న పెద్దాయన దాన్ని ఒకసారి చూసి, డబ్బాల్లోంచి మూడు రంగుల రాళ్లు తీసి కొంగు పక్కన పెట్టాడు. ఒకటి వద్దంది. ఇంకొకటి తీశాడు. "రెండు ఆరు సైజు బిగుతు అయితది అమ్మా, రెండు ఎనిమిది పెట్టుకోండి. పెళ్లిల చేతులు ఉబ్బుతయి" అన్నాడు. పెళ్లిలో చేతులు ఉబ్బుతాయని నాకు తెలీదు. ఎంతమంది పెళ్లికూతుళ్ల చేతులు చూశాడో!

పాతబస్తీ ముస్లిం ఇళ్లలో పెళ్లికూతురి గాజుల జోడా లేకుండా పెళ్లి సామాను పూర్తికాదు. హిందువుల పెళ్లిళ్లకు ఆషాఢం విరామం కానీ ఆ ఇళ్ల పెళ్లిళ్లకు మన పంచాంగంతో పనిలేదు. అందుకే మేం వెళ్లిన రోజు కూడా దుకాణం ఖాళీగా లేదు. రంజాన్ నెలలో అయితే రాత్రంతా ఈ వీధి నిద్రపోదు. రెండు మతాల రెండు క్యాలెండర్ల మధ్య ఈ కుంపట్లు ఆరకుండా ఉన్నాయి.

2024 మార్చిలో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. దుకాణాల బోర్డుల మీదకు ఆ ముద్ర మెల్లగా ఎక్కుతోంది. కానీ ఈ వీధి గురించి చెప్పేటప్పుడు ఇంకో ఏడాదినీ మరవకూడదు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహార్ పిల్లల్ని పోలీసులు పెద్ద సంఖ్యలో విడిపించారు. వీధి ముందున్న కుంపటి మనకు కనిపిస్తుంది. గల్లీ లోపలి గది కనిపించదు. కళ్లముందు చేస్తున్న మనిషి దగ్గర కొనడానికి నాకు దొరికిన బలమైన కారణం అదే, అందమూ సంప్రదాయమూ ఆ తర్వాత.

గాజులు సాయంత్రానికి గానీ తయారు కావన్నారు. ఈలోపు పత్తర్‌గట్టి వైపు నడిస్తే ఒక సందులోంచి సుత్తి చప్పుడు వినిపించింది. తోలు పొరల మధ్య వెండి ముక్కలు పెట్టి, అవి ఊదితే ఎగిరిపోయేంత పలచనయ్యేదాకా కొడుతున్నాడు ఒకతను. మిఠాయిల మీద అంటించే వరఖ్ అది. మిషన్ వరఖ్ వచ్చాక ఈ చప్పుడు బాగా తగ్గిందని చిన్నమ్మ అంది. నేను ఫోన్ తీసేలోపు అతను చాయ్‌కి లేచాడు.

శుక్రవారం: పోచంపల్లి

విజయవాడ హైవే మీద కొంతదూరం వెళ్లి ఎడమకు మళ్లాలి. ఊరి మొదట్లో వినోబా భావే గుర్తులు. 1951 ఏప్రిల్ 18న ఇక్కడే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తాననడంతో భూదానోద్యమం మొదలైంది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది. తర్వాత 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఆ ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయింది. మగ్గాల చప్పుడు మాత్రం గట్టిగానే ఉంది.

చిన్నమ్మకు తెలిసిన ఒక ఇంటికి వెళ్లాం. ముందు గదిలో గుంట మగ్గం, దాని మీద ట్యూబ్‌లైటు, గోడకు మార్కండేయుడి పటం. ఇక్కత్‌లో అసలు కష్టం మగ్గం ఎక్కకముందే అయిపోతుంది. గుడ్డ నేశాక రంగు వేయరు, నూలుకే ముందు వేస్తారు. దారాన్ని ఆసు అనే మేకుల చట్రం మీద వరసగా పోసి, డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు తగలకూడని చోట బిగించి కడతారు. కట్టడానికి వాడేది సైకిల్ ట్యూబును సన్నగా కోసిన పేలికలు. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని ముళ్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ఇంకో రంగు. చివరికి పేక దారంలో, అంటే అడ్డంగా నేసే దారంలో, అక్కడక్కడ మచ్చలు మాత్రమే కనిపిస్తాయి. అవి మగ్గం మీద వరసగా పడినప్పుడు ఏనుగో చిలకో అవుతుంది. మచ్చ పడాల్సిన చోట నూలుపోగంత జరిగితే అంచు కాస్త చెదురుతుంది. ఆ చెదురే ఇక్కత్‌కు అందం.

ఆసు పోసే పని దాదాపు ఎప్పుడూ ఇంటి ఆడవాళ్లదే. ఒక చీరకు సరిపడా దారం పోయాలంటే చేయి వేలసార్లు ఇటూ అటూ తిరగాలి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఏళ్లతరబడి తంటాలుపడి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటల పని గంటన్నర, రెండు గంటలకు దిగింది. మేం వెళ్లిన ఇంట్లో అదే రకం యంత్రం కరెంటు మీద గిరగిరా తిరుగుతోంది, పక్కన ఆ ఇంటావిడ చిక్కుడుకాయలు తుంచుతోంది. చేత్తో చేయడం పోయింది కదా అని బాధపడేవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఒక రోజు ఆసు పోసి చూడాలి.

ఇక మా కొనుగోలు. ఇక్కడే చిన్నమ్మ నాకు పాఠం చెప్పింది. పెట్టుబడి చీరలకు పోచంపల్లి తీసుకుంటుందనుకున్నాను. నలుగురు తోబుట్టువులకు మాత్రం పట్టుచీరలు తీసి, మిగతావాళ్లకు తీయనంది.

"పెట్టుబడి చీర ఎవరన్న కడ్తరానే? బీరువల పెట్టి ఇంకొకరి ఇంట్ల పెండ్లికి పెడ్తరు. అట్ల తిరిగి తిరిగి మళ్ల మనింటికే వస్తది. దానికి మగ్గం చీరెందుకు?"

మగ్గం ముందు కూర్చున్నాయన నవ్వాడు, ఏమీ అనలేదు. ఆయనకూ తెలిసిన లెక్కే. తెలుగువాళ్ల పెళ్లిళ్లలో చేతులు మారే చీరల్లో పదో వంతు మగ్గం మీదవి అయినా పోచంపల్లిలో కొత్త మగ్గాలు దించాల్సి వచ్చేదని నా అంచనా. అవి మగ్గానివి కావు.

బజారులో ఇంకో సంగతి. ఇక్కత్ డిజైన్‌ను మిల్లులో ప్రింటు కొట్టిన గుడ్డ ఈ ఊరి వీధిలోనే అమ్ముతున్నారు. కొన్ని రకాల బట్టను చేనేతకే కేటాయిస్తూ 1985లో పార్లమెంటు చట్టం చేసింది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా 2005లోనే వచ్చింది. ప్రింటుకు అవేవీ అడ్డం కాలేదు. గుర్తుపట్టడం కష్టం కాదు. గుడ్డ తిరగేసి చూస్తే ప్రింటు వెనక వెలిసినట్టు ఉంటుంది, ఇక్కత్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది. తమ్ముడు షర్టు పీసు కొనేటప్పుడు ఈ పరీక్ష చేశాడు. తిరగేసి చూసి, తేడా తెలుసుకుని, ప్రింటే కొన్నాడు. ధర అలా ఉంది మరి.

శనివారం: పెంబర్తి, చేర్యాల, కొమురవెల్లి

వరంగల్ హైవే. భువనగిరి గుట్టను ఎప్పుడు చూసినా కారు ఆపాలనిపిస్తుంది, చిన్నమ్మ ఆపనివ్వలేదు. జనగామ ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కనే పెంబర్తి.

పెంబర్తిది రేకు పని, పోత పని కాదు. ఇత్తడి రేకును కాల్చి మెత్తబరిచి, లక్కలాంటి ముద్ద మీద పరిచి, ఉలులతో సుత్తితో కొడుతూ బొమ్మను ఉబ్బెత్తుగా తీస్తారు. కింది ముద్ద మెత్తగా ఉంటుంది కాబట్టి రేకు చిరగకుండా లోపలికి దిగుతుంది. కాకతీయుల కాలం నుంచి గుళ్లకు, రథాలకు తొడుగులు చేసిన ఊరు. నిజాం కాలంలో పాన్‌దాన్‌లు, అత్తరు పాత్రలు చేశారు. రాజులు మారినప్పుడల్లా సరుకు మార్చుకున్నారు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ దీన్నీ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది.

ఇప్పుడు ఎవరు కొంటున్నారని అడిగితే వర్క్‌షాపులో కుర్రాడు గోడ వైపు చూపించాడు. ఒక పక్క ధ్వజస్తంభం తొడుగు ముక్కలు, మకరతోరణం. ఇంకో పక్క వరసగా మెమెంటోలు, ఎక్కువ భాగం కాకతీయ కళాతోరణం బొమ్మతో. "గుడి పని ఒకసారి చేసిస్తే మా కొడుకుల కాలం దాక మళ్ల రారక్కా. సన్మానాలైతే నెలనెలా ఉంటయి" అన్నాడు. వేదికల మీద సన్మానాలు ఎక్కువైపోయాయని విసుక్కునేవాళ్లలో నేనూ ఉన్నాను. పెంబర్తి వైపు నుంచి చూస్తే ఇంకో నాలుగు జరిగినా నష్టం లేదు. హారతి పళ్లేలు తీసుకున్నాం. వందేళ్లు ఉంటాయని చెప్పి అమ్మాడు. నిజమే, మా అమ్మమ్మ పళ్లెం ఇంకా ఉంది. అందుకే మా ఇంట్లో ఎవరూ ఇన్నేళ్లూ పెంబర్తిలో పళ్లెం కొనలేదు.

జనగామలో భోజనం చేసి చేర్యాల దారి పట్టాం. చేర్యాల చిన్నమ్మ చీటీలో లేదు. నా కోరిక. "అక్కడ మనకేం పని?" అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, నిజానికి ఆ ఊరి చిక్కంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

చేర్యాలలో పటాలు గీసేవాళ్లను నకాషీలంటారు. కొద్ది కుటుంబాలే మిగిలాయి. మేం వెళ్లిన ఇంటి పెద్దాయన ఖద్దరు గుడ్డకు పూత వేస్తున్నాడు. సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల పిండి, తిరుమణి బంక కలిపిన పూత. ఆరాక మళ్లీ పూత, మళ్లీ ఆరడం. అప్పుడు గానీ గుడ్డ బొమ్మకు సిద్ధం కాదు. సన్నని గీతలకు ఉడుత వెంట్రుకల కుంచె. వెనకంతా ఎరుపు. ఆ ఎరుపు మీద పసుపు ఒంటి మనుషులు, నీలం ఒంటి దేవుళ్లు. ముఖాలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి, కళ్లు మాత్రం పెద్దవి. చీకట్లో, దీపం వెలుతురులో, దూరంగా కూర్చున్న జనానికి కనపడాలి కదా.

ఇది గోడకు తగిలించే బొమ్మగా పుట్టలేదు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు ఉన్న పటం చుట్టను ఊరి నడుమ కర్రలకు కట్టి, ఒక్కో అంకం విప్పుతూ, పుల్లతో చూపిస్తూ రాత్రుల తరబడి కథ చెప్పేవాళ్లు. ఎవరి కథ వారికే. ముదిరాజులకు కాకిపడగలవాళ్లు పాండవుల కథ చెప్తారు. గౌడులకు గౌడజెట్టీలు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు కూనపులివాళ్లు. గొల్లలకు మందహెచ్చులవాళ్లు బొమ్మలు పెట్టి కాటమరాజు కథ చెప్తారు, ఆ బొమ్మలు చేసేదీ నకాషీలే. ఏ ఊళ్లో ఎవరు అడగాలన్న హక్కు కథకుల కుటుంబాల్లో వారసత్వంగా వచ్చేది. కథ చెప్పించుకున్న కులం వడ్లో, డబ్బో, మేకనో ఇచ్చేది.

నిన్న పోచంపల్లిలో గోడ మీద చూసిన మార్కండేయుడు అప్పుడు గుర్తొచ్చాడు. ఆ నేతన్న తాతల ముందు విప్పిన పటం ఇలాంటి ఇంట్లోనే తయారై ఉంటుంది. నేసేవాడి కులం కథ చెప్పడానికి ఒక కులం, ఆ కథకు బొమ్మలు గీయడానికి ఇంకో కుటుంబం, ఆ బొమ్మకు గుడ్డ మళ్లీ నేసేవాడి నుంచి. ఇందులో బయటి కొనుగోలుదారు ఎక్కడా లేడు. అందరూ ఒకరికొకరు గిరాకీ. ఆ అల్లికలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం నిర్ణయించిందన్నది కూడా నిజం. డక్కలివాళ్లు మాదిగవాడలోనే కథ చెప్పేవాళ్లు, పెద్దిళ్ల అరుగు మీద కాదు. పాతకాలం తీపి అని రాసుకుపోతే ఆ చేదు కనపడకుండా పోతుంది.

పటం పాతబడి చిరిగితే? దాచరు. పూజచేసి నీళ్లలో కలిపి, కొత్తది గీయించుకుంటారు. పెద్దాయన ఈ మాట మామూలుగా చెప్పాడు కానీ నాకు అక్కడే చిక్కుముడి వీడింది. పటం పోవడమే నకాషీకి జీతం. ఇప్పుడు కథకులు తగ్గారు, కొత్త పటం అడిగేవాళ్లు అరుదు. గీసినవి ఫ్రేములు కట్టించుకుని హైదరాబాద్ ఫ్లాట్లలోకి, ఆఫీసు లాబీల్లోకి, మ్యూజియాల్లోకి వెళ్తున్నాయి. ఫ్రేములో ఉన్నది చిరగదు. చిరగనిదాన్ని మళ్లీ కొనరు.

అందుకే చేర్యాల చిన్న సరుకులోకి దిగింది. రంపపు పొట్టు, చింతగింజల పిండి ముద్దతో చేసిన మాస్కులు, కొబ్బరిచిప్పల ముఖాలు, పెన్ను స్టాండ్లు, కీచెయిన్లు. బోనాల అమ్మాయి, పోతరాజు, కల్లుగీసే గౌడ్. వర్క్‌షాపు పెడితే సిటీ నుంచి కాలేజీ పిల్లలు వస్తారట, ఆ ఫీజు కూడా ఒక ఆదాయమే. చిన్నమ్మ మాస్కులు తిప్పి తిప్పి చూసి "పెండ్లికి వచ్చినోళ్లకు రిటర్న్ గిఫ్ట్ ఈడ్నే తీస్కుందాం. స్టీలు గిన్నెలు ఎవరికి కావాలె?" అంది. యాభై జతలకు ఆర్డరు రాయించింది. బేరం ఆడింది, అది వేరే సంగతి.

తిరుగుదారిలో కొమురవెల్లి మల్లన్న గుడి. ఆదివారం మొక్కుల కోసం శనివారం సాయంత్రానికే ట్రాక్టర్లు, ఆటోలు దిగుతున్నాయి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఉండే జాతర రద్దీ కాదుగానీ జనం ఉన్నారు. ఒక పందిరి కింద మల్లన్న కథ చెప్పే ఒగ్గు పూజారులు పట్నం, అంటే మొక్కు ముగ్గు, వేస్తున్నారు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి వేళ్ల సందుల్లోంచి జార్చుతూ నేల మీద గళ్లు గళ్లుగా పెద్ద ముగ్గు. చేతిలో కొలబద్ద లేదు, ముందు కాగితం మీద గీసిన నకలు లేదు. పక్కనే డోలు. మొక్కిన కుటుంబం చుట్టూ కూర్చుంది. పూజ అయ్యాక అదంతా చెరిగిపోతుంది. తర్వాత ఇంకో కుటుంబం, ఇంకో పట్నం.

చేర్యాల నుంచి ఇంత దగ్గర్లో, అదే మట్టిలో పుట్టిన ఇంకో బొమ్మల విద్యకు గిరాకీ తగ్గలేదు. పట్నం వేయించే మనిషి కళను పోషిస్తున్నానని అనుకోడు. మల్లన్నకు మొక్కు తీరుస్తున్నాననుకుంటాడు. ఇంటికి పట్టుకెళ్లడానికి ఏమీ మిగలదు కాబట్టి మళ్లీ వస్తాడు.

ఇక్కడ బోనం వండేది కొత్త కుండలోనే. గుడి దారిలో కుమ్మరులు కుండలు పేర్చి కూర్చున్నారు. చిన్నమ్మ వేలితో తట్టి, మోత విని, మూడోది తీసుకుంది. కారులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రాజీవ్ రహదారి ఎక్కాక కూడా తమ్ముణ్ని అరవై దాటనివ్వలేదు.

ఆదివారం: ఉప్పల్

పోచమ్మ బోనాలు. కుండకు సున్నం, పసుపు, కుంకుమ, వేపమండలు, పైన దీపం. కాలనీ ఆడవాళ్లంతా వరసలో నిలబడ్డాక చూస్తే మట్టి కుండలు సగం కూడా లేవు. ఇత్తడివి, స్టీలువి, రంగులు వేసి అద్దాలు అతికించి రెడీమేడ్‌గా అమ్మేవి. తప్పుపట్టలేం. తలమీద కుండ పెట్టుకుని డప్పుల మధ్య గంటసేపు నడవాలి, పగిలితే అపశకునం. ఒకసారి ఇత్తడిది కొంటే ఏటా తోమి వాడుకోవచ్చు. కుమ్మరి వైపు నుంచి చూస్తే ఆ ఇల్లు ఇక రాదు.

కొత్త చేతిపనికి మాత్రం కొదవలేదు. వెదురు బద్దలకు రంగు కాగితాలు అతికించిన తొట్టెలు ఈసారి ఇంకా ఎత్తు పెరిగాయి, కరెంటు తీగలకు తగలకుండా ఒకతను కర్రతో తీగ ఎత్తి పట్టుకున్నాడు. కాగితం వానకు తడిసి వచ్చే వారానికి ఉండదు. వచ్చే ఏడాది కొత్తది కట్టాల్సిందే, కట్టేవాడికి అడ్వాన్సు ఇవ్వాల్సిందే.

సోమవారం: ధూల్‌పేట

కాలనీ కమిటీ కుర్రాళ్లు ఇద్దరు మాతో వచ్చారు. ధూల్‌పేట పండగల క్యాలెండర్ మీద బతికే పేట. బుందేల్‌ఖండ్ వైపు నుంచి నిజాంల కాలంలో వచ్చి స్థిరపడిన లోధ్ కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. చవితికి వినాయకులు, దసరాకు దుర్గమ్మలు, సంక్రాంతికి పతంగులు, రాఖీలకు రాఖీలు. వీధి పొడవునా టార్పాలిన్ల కింద తలలు లేని తెల్లటి ఒళ్లు, ఒళ్లు లేని తొండాలు.

హైదరాబాద్ వినాయకుల కొలత ఎలా పెరిగిందో ఖైరతాబాద్ చెప్తుంది. 1954లో ఒక్క అడుగుతో మొదలైన విగ్రహం, 2024లో 70 అడుగులు. ఈ పెరుగుదలకు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తోడైంది. అచ్చులో పోస్తే చాలు, తేలిక, తొందరగా ఆరుతుంది, చవక. నీళ్లలో కరగదు, అదే గొడవ. 2021లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్ సాగర్‌లో ఆ విగ్రహాల నిమజ్జనం వద్దంది. సుప్రీంకోర్టు ఆ ఒక్క ఏడాదికి సడలింపు ఇచ్చింది. 2022 నుంచి ఖైరతాబాద్ విగ్రహం మట్టితోనే చేస్తున్నారు.

ఏటా పోయే వస్తువు చేతివృత్తిని బతికిస్తుందని శనివారం నుంచి నేను మనసులో కట్టుకుంటున్న మేడ ఇక్కడ కాస్త ఒరిగింది. పోవడం అంటే ఎక్కడికి పోవడం? పటం నదిలో కలిసిపోయేది, కుండ మట్టిలో కలిసేది. ప్లాస్టర్ వినాయకుడు చెరువు అడుగున చేతులు, కాళ్లుగా మిగులుతాడు.

కుర్రాళ్లకు పన్నెండడుగులు కావాలి. పక్క కాలనీది పది. చిన్నమ్మ మట్టిదే కావాలని, అయిదడుగులు చాలని కూర్చుంది. తయారుచేసే ఆయన మొదట ఒప్పుకోలేదు. వానల్లో మట్టి ఆరదు, లోపల తడి ఉండగా రంగు వేస్తే పొక్కుతుంది, పగుళ్లు వస్తాయి, ఒక మట్టి విగ్రహం చేసే చోట, చేసే టైములో ప్లాస్టర్‌వి నాలుగు అయిపోతాయి అన్నాడు. ఆయన చెప్పింది సబబుగానే ఉంది. ధర ఎంత ఎక్కువైతే చేస్తావో అది చెప్పమంది చిన్నమ్మ. అయిదు రోజులుగా ఆవిడ నోట ఈ మాట వినడం ఇదే మొదలు. ఆయన చెప్పాడు. కుర్రాళ్లు ముఖాలు చూసుకున్నారు. డీజే ఒక రోజు తగ్గిస్తే సరిపోతుందని చిన్నమ్మ అక్కడే లెక్క తేల్చింది. ఆ మాటకు ఒకడు లేచి బయటికి వెళ్లి ఫోన్లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడి వచ్చి, ఏడడుగులైతే సరే అన్నాడు. ఆరు దగ్గర తెగింది.

అడ్వాన్సు ఇచ్చి రసీదు తీసుకున్నాం. చవితికి రెండు రోజుల ముందే తీసుకుపోవాలి, బండి కిరాయి మాదే. దారిలో గుంతలున్నచోట నడక వేగంతో పోవాలని, కుదుపుకు బీట ఇస్తే తన బాధ్యత కాదని రసీదు వెనక హిందీలో రాసి కుర్రాళ్లిద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నాడు.